గౌతమునికి చెప్పిన మాట

దీపావళి రాత్రి జైన వర్తకుల ఇండ్లలో కొత్త ఖాతాపుస్తకమునకు పూజ జరుగును. తొలి పుటలో స్వస్తికము వ్రాసి, గౌతమస్వామి లబ్ధియు, శాలిభద్రుని సంపదయు, అభయకుమారుని బుద్ధియు ఈ ఇంటికి కలుగవలెనని కోరుకొనుట శ్వేతాంబర కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ పేర్లలో మొదటిది గౌతమునిది. ఏటేట ఆ పేరు వ్రాయు చేతులు అనేకము గలవు. ఆ గౌతమునికి భగవాన్ మహావీరుడు ఏమి చెప్పెనో తలచుకొనువారు కొందరే.

ఉత్తరాధ్యయన సూత్రమున పదియవ అధ్యయన మంతయు ఆ హెచ్చరికయే. పండి రాలు ఆకును, గడ్డికొనపై నిలిచిన మంచుబిందువును చూపి, ఒక్క సమయ మాత్రమైనను ఏమరుపాటు కూడదని భగవానుడు గౌతమునికి మరల మరల చెప్పెను. సమయ మనగా ఇచ్చట పూటయు గాదు, గంటయు గాదు. కాలమును ఇక విభజింప వీలులేని కడపటి అంశమునకు జైనశాస్త్రము పెట్టిన పేరది. కన్ను మూసి తెరచునంతలో అట్టి సమయములు లెక్కకు మిక్కిలిగా గడచిపోవును.

గౌతముడు సోమరియా? కాడు. పదునొకండుగురు గణధరులలో ప్రథముడు, ఘోర తపస్సు చేసినవాడు. అట్టివానికే ఈ మాట అవసరమైనది. ఆయనను వెనుకకు పట్టి యుంచినది గురువుపై గల మమకారము. ఆ మమకారము తెగిన రాత్రియే, అనగా భగవానుని నిర్వాణ సమయముననే, ఆయనకు కేవలజ్ఞానము కలిగినదని సంప్రదాయము చెప్పుచున్నది. చెడ్డవాని నిద్రను గుర్తించుట తేలిక. మంచివాని నిద్ర మంచితనపు దుప్పటి కప్పుకొని యుండును గనుక దానిని గుర్తించుట కష్టము.

ఈ ఏమరుపాటునకు శాస్త్రమున పేరు ప్రమాదము. తెలుగు వాడుకలో ప్రమాద మనగా రైలు పట్టాలు తప్పుట, బండి గోతిలో పడుట. అది ఫలము. శాస్త్రకారుడు ఆ పేరు పెట్టినది దాని మూలమునకు. తత్త్వార్థసూత్రము కర్మబంధమునకు అయిదు హేతువులు చెప్పినది: మిథ్యాదర్శనము, అవిరతి, ప్రమాదము, కషాయము, యోగము. క్రోధలోభాదులైన కషాయములకు ముందే ప్రమాదము నిలిచి యున్నది. శ్వేతాంబరులు మదము, విషయములు, కషాయములు, నిద్ర, వికథ అని ప్రమాదమును అయిదుగా లెక్కింతురు. దిగంబరులు నాలుగు వికథలు, నాలుగు కషాయములు, అయిదు ఇంద్రియములు, నిద్ర, స్నేహము అని పదునైదుగా లెక్కింతురు. ఈ రెండు లెక్కలలోను నిద్ర ఉన్నది. పనికిమాలిన ముచ్చట యైన వికథయు ఉన్నది. పనిని వాయిదా వేయువానికి ఆ రెండింటికంటె దగ్గరి చుట్టములు లేరు.

"రేపు" అను మాటకు అర్థము వర్తకునికి తెలిసినంతగా వేరెవరికిని తెలియదు. ఎన్నో కొట్లలో గల్లాపెట్టె వెనుక ఒక బోర్డు కనబడును: నేడు రొక్కము, రేపు అరువు. కొనవచ్చినవాడు నవ్వి రొక్కమిచ్చి పోవును. ఆ రేపు ఎన్నటికిని రాదని ఇద్దరికిని తెలియును. ఇతరులకు ఇంత చక్కగా బోధించిన పాఠమును వర్తకుడు తన విషయమున మరచుట వింత.

కోడంబాక్కంలో ఆర్కాటు రోడ్డు ప్రక్కన బట్టల కొట్టు గల ఒక కుటుంబ మున్నదనుకొనుడు. ఇట్టివి పది కలవు గనుక పేరు అక్కరలేదు. తండ్రి కాలమున కొట్టు బాగుగనే నడచినది. ఇప్పుడు కొనువారు తాను తెచ్చి అమ్ము గుడ్డకంటె కుట్టి సిద్ధమైన దుస్తులనే అడుగుచున్నారు. పెద్దకుమారునికి ముప్పది రెండేండ్లు. నాలుగు కుట్టుమిషనులు పెట్టి, పిల్లల దుస్తులు కుట్టించి అమ్మవలెనని అతని ఆలోచన. ఆలోచన మంచిదని తండ్రియు ఒప్పుకొనెను. పెట్టుబడికి సొమ్ము ఉన్నది. పనితనము తెలిసిన దర్జీ ఒకడు కుదిరినాడు. ఇదంతయు జరిగి మూడేండ్లయినది. మిషనులు రాలేదు.

ఏల రాలేదని అడిగినచో సమాధానము పంచాంగములో దొరకును. ఆషాఢము, అనగా అరవవారి ఆడిమాసము. ఆ నెలలో కొత్తపని ఎవరు మొదలు పెట్టుదురు? తరువాత పర్యుషణము, అది ధర్మకార్యముల కాలము. తరువాత దీపావళి గిరాకి. తల ఎత్తుటకు తీరిక లేదు. కార్తికము గడువగానే ధనుర్మాసము. సంక్రాంతి పోయిన పిమ్మట పెండ్లిండ్లు. అవి ముగియునప్పటికి మార్చి 31, లెక్కలు ఆడిటరునకు పంపవలెను. పిదప మద్రాసు ఎండలు, పిల్లల సెలవులు, రాజస్థానమునకు ప్రయాణము. తిరిగి వచ్చునప్పటికి వాకిట ఆషాఢము నిలిచి యుండును. పన్నెండు నెలలలో ఒక్కటియు పనికిరానిది కాదు. పనికి వచ్చినదియు ఒక్కటి లేదు. చాతుర్మాస్యమున సాధువులు ఒకచోట నిలుచుట జీవరక్షణ కొరకు. ఆ నాలుగు నెలలు ఏ వర్తకుడును పాత కొట్టును మూసివేయుట లేదు. పాతదానికి పనికి వచ్చిన మాసము కొత్తదానికి పనికిరాదని చెప్పిన శాస్త్ర మేది?

వాయిదా వేయువానికి సామెతకును కొదవ లేదు. "నిదానమే ప్రధానము" అనును. "ఆలస్యం అమృతం విషం" అను సామెతయు ఆ నోటనే పుట్టినది గదా యన్న, అది ఇతరులకు అనును. నిదానమునకును ప్రమాదమునకును భేదము కనుగొనుటకు సామెతలు చాలవు. అందుకు ఒక పరీక్ష కలదు. ఎదురు చూచు కాలములో ఏమి జరిగినది? మిషనుల ధరలు నాలుగుచోట్ల విచారింపబడెనా? స్థలపు అద్దె, కరెంటు, జి.ఎస్.టి. నమోదు, మొదటి ఆరు నెలల జీతములు కాగితముపై వేయబడెనా? వేసి, చాలదని తెలిసి, ఆగినవాడు నిదానస్థుడు. మూడేండ్ల క్రిందట తెలిసినదానికంటె నేడు ఒక్క ముక్క అధికముగా తెలియనివాడు నిద్రించుచున్నవాడు.

ఇంతవరకు నష్టము తనదే యని వర్తకుడు ఊరడిల్లవచ్చును. అట్లు ఊరడిల్లుటకు వీలులేదు. "వచ్చే నెల మొదలు పెట్టుదము, వేరే చోట చేరవద్దు" అని దర్జీకి మాట యిచ్చినాడు. దర్జీ నెలకొకసారి వచ్చి, కొట్టుముందు నిలబడి, "ఎప్పుడండీ సేఠుగారూ?" అని అడిగి పోవుచున్నాడు. వానికి ఇద్దరు పిల్లలు. ఇచ్చట వర్తకుడు కసరలేదు, కొట్టలేదు. చీమకైనను హాని చేయనివాడనని అతని నమ్మకము. కాని తత్త్వార్థసూత్రము హింసకు లక్షణము చెప్పునపుడు ప్రమాదముతో కూడిన ప్రవర్తనవలన ప్రాణములకు కలుగు హాని యని చెప్పినది. ప్రాణములు పది: అయిదు ఇంద్రియములు, మనోబలము, వచనబలము, కాయబలము, శ్వాసోచ్ఛ్వాసము, ఆయుస్సు. నెలనెల ఆశపడి నెలనెల క్రుంగువాని మనోబలము ఆ పదింటిలో ఒకటి. రాత్రిభోజనము మానిన ఇంట, కందమూలములు వండని ఇంట, ఈ హానిని ఏ ఖాతాలో వ్రాయుదురు?

ఇది వినిన కొందరు పెద్దలు కర్మసిద్ధాంతమును అడ్డుపెట్టుదురు. రావలసియున్నచో వచ్చును, ఉదయమునకు రాని కర్మను లాగిన వచ్చునా అందురు. ఇది జైనుని మాటవలె వినబడును. ఈ మాట అన్నవానికి భగవానుడే బదులు చెప్పిన కథ ఉపాసకదశాంగ సూత్రమున ఏడవ అధ్యయనముగా ఉన్నది.

పోలాసపురమున సద్దాలపుత్రుడను కుమ్మరి యుండెను. కుమ్మరి యనగా చిన్నవాడు కాడు. ఊరి వెలుపల అయిదువందల కుండల అంగళ్ళు, మూడుకోట్ల సువర్ణము గలవాడు. గోశాలుని ఆజీవిక మతమున నమ్మకము గలవాడు. జరుగున దంతయు నియతి, మానవ ప్రయత్న మనునది లేదు అని ఆ మతము. ఒకనాడు అతడు కుండలను ఎండలో ఆరబెట్టించుచుండగా భగవానుడు, ఈ కుండ ఎట్లు తయారైనదని అడిగెను. మట్టి తెచ్చి, నీటితో తడిపి, బూడిద, పేడ కలిపి మర్దించి, చక్రముపై పెట్టితి మని అతడు చెప్పెను. ఇది ప్రయత్నముచే జరిగినదా, ప్రయత్నము లేకయే జరిగినదా అని ప్రశ్న. మతము ప్రకారము సద్దాలపుత్రుడు, లేకయే యనెను. అప్పుడు భగవానుడు, ఎవడైన నీ కుండలను దొంగిలించినను, పగులగొట్టినను, నీ భార్య అగ్నిమిత్రను అవమానించినను ఏమి చేయుదువని అడిగెను. కొట్టుదును, కట్టివేయుదును, చంపుదును అని కుమ్మరి ఉడికిపోయెను. ప్రయత్న మనునదే లేనప్పుడు వాడు చేసినది ఏమున్నది, నీవు శిక్షించునది ఎవరిని? సద్దాలపుత్రుడు ఆ ప్రశ్నతో మేల్కొని శ్రావకుడాయెను.

ఈ కథలోని సొగసు శాస్త్రచర్చలో లేదు, కుండలో ఉన్నది. భగవానుడు వర్తకునితో వర్తకుని సరుకు పట్టుకొని మాటలాడెను. నష్టము వచ్చునప్పుడు ప్రయత్నమును నమ్మి, పని మొదలు పెట్టవలసినప్పుడు నియతిని నమ్మువాడు రెండు తక్కెడలు పెట్టుకొన్నవాడు. బాకీ వసూలునకు తెల్లవారుజామున లేచి పోవునప్పుడు, రావలసినది వచ్చునని ఎవడును ఇంట కూర్చుండడు. జైనసిద్ధాంతమున కాలము, స్వభావము, నియతి, పూర్వకర్మ, పురుషార్థము అను అయిదును కలసియే కార్యమును సాధించును. వానిలో నాలుగు మానవుని చేతిలో లేనివి. చేతిలో నున్న ఆ ఒక్కదానిని వదలి తక్కిన నాలుగింటికి నమస్కరించుట భక్తి యనిపించుకొనదు.

కోడంబాక్కమున నివసించువారికి పురుషార్థమునకు ఉదాహరణములు వెదకుటకు దూరము పోనక్కరలేదు. సినిమా అనగానే ముఖము త్రిప్పుకొను పెద్దలు కొందరు కలరు. ఆ వ్యాపారము చుట్టు అల్లుకొన్న వికథను చూచినచో వారి మాటయు త్రోసివేయదగినది కాదు. కాని మొదలుపెట్టుట అను విద్యను ఎచ్చట నేర్చినను తప్పులేదు. ఎ.వి. మెయ్యప్ప చెట్టియారు 1930లలో తీసిన తొలి చిత్రములు నష్టము తెచ్చినవి. యుద్ధకాలమున ఆయన మద్రాసు విడిచి కారైక్కుడి ప్రాంతమునకు పోయి అచ్చట స్టూడియో నడపెను. 1948లో దానిని కోడంబాక్కమునకు తెచ్చెను. అదే ఏట ప్రక్కన వడపళనిలో వాహినీ స్టూడియో వెలసినది.

కడపజిల్లా నుండి వచ్చిన బి. నాగిరెడ్డి కుటుంబమువారు ఉల్లిపాయల ఎగుమతి చేసినవారు. ఆయన అచ్చుయంత్రము నడపుచు, తెనాలివాడైన చక్రపాణితో కలసి 1947 జూలైలో 'చందమామ' మొదలుపెట్టెను. దేశమునకు స్వాతంత్ర్యము రావలసి యుండెను. అనిశ్చితము తొలగినపిమ్మట చూతమని ఊరకుండుటకు అంతకంటె మంచి నెపము ఎన్నడు దొరకును? పత్రిక తెలుగునను అరవమునను ఆ నెలలోనే వెలువడినది. తరువాత ఆ ఇద్దరే విజయా సంస్థను స్థాపించి 1950లో తొలిచిత్రము తీసిరి. దాని పేరు 'షావుకారు'. ధనము తప్ప వేరేమియు కనబడని ఒక వర్తకుని కథ. మెప్పు వచ్చినంతగా డబ్బు రాలేదు. మరుసటి ఏట 'పాతాళభైరవి' వచ్చి ఊరూరు ఆడినది. మొదటిదాని లెక్క తేలువరకు కూర్చుండి యున్నచో రెండవది లేదు. 1912లో పుట్టిన నాగిరెడ్డి 1972లో, అరువదేండ్ల వయస్సున, విజయా ఆసుపత్రిని ప్రారంభించెను. 'షావుకారు' దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ 1908లో పుట్టినవాడు. ఆయన సినిమా ల్యాబొరేటరీ వెలసినది 1970లలో. వయస్సు మీరినదని చెప్పు వర్తకుడు ఈ రెండు లెక్కలు ఒకసారి వేసి చూచుకొనవచ్చును. వీరికి సందేహములు లేకుండెనని ఎవరును చెప్పలేరు. సందేహము తీరినపిమ్మట పని మొదలుపెట్టినారని కూడ చెప్పలేరు.

ఆ స్టూడియోలలో చాలభాగము నేడు లేదు. ఆ నేలపై ఆసుపత్రులు, నివాసగృహములు, అంగళ్ళు లేచినవి. పుద్గలము నిలువదు, అది వేరే ప్రసంగమునకు విషయము.

ఇంత చెప్పినంత మాత్రమున పరుగెత్తుమని అర్థము కాదు. తొందరయు ప్రమాదమే. చూడక అడుగు వేయువాడు నిద్రించువానివలె జీవులను త్రొక్కును. కొత్త వ్యాపారము అనగానే శ్రావకుడు మొదట చూడవలసినది పదునైదు కర్మాదానములను. అడవులు నరికించుట, దంతము, లక్క, విషము అమ్ముట, చెరువులు ఎండగట్టుట మొదలగునవి లాభ మెంత చూపినను అతనికి మూసిన తలుపులు. అట్టి వ్యాపారమును వాయిదా వేయుట కాదు, విడుచుటయే కర్తవ్యము. విడిచినానని స్పష్టముగా చెప్పినవాని మనస్సు తేలికపడును. చేయననియు చెప్పక, చేయకయు ఉండుటలోనే బరువు అంతయు ఉన్నది.

పిదప పరిమాణము. వాణిజ్యగ్రామమునకు చెందిన ఆనంద శ్రావకుని కథ అందరెరిగినదే. నాలుగుకోట్లు నిక్షేపమున, నాలుగుకోట్లు వ్యాపారమున, నాలుగుకోట్లు గృహమున. నలువది వేల గోవులు, అయిదువందల నాగళ్ళు, దూరదేశములకు అయిదువందల బండ్లు, దగ్గరి పనికి అయిదువందల బండ్లు. భగవానుని ఎదుట అతడు వీనికి హద్దు పెట్టుకొనెను. హద్దు పెట్టుకొన్నవాడు బండ్లను తోలుట మానలేదు. పరిగ్రహ పరిమాణ మనగానే ధనము పెరుగకుండ చేయు కట్టు అని మాత్రమే తలచుట అలవాటైనది. భయమునకు కూడ అది కట్టు. ఈ కొత్తపనిలో ఇంత సొమ్ము పెట్టుదును, అది పోయినను పాత కొట్టును, చెల్లెలి పెండ్లి సొమ్మును ముట్టను అని హద్దు గీచినవానికి రాత్రి నిద్ర పట్టును, పగలు మెలకువ యుండును. హద్దులేని భయమే చేతులు కట్టివేయును. బట్టల కొట్టు తండ్రికి మూడేండ్లుగా కావలసినది శుభముహూర్తము కాదు, ఈ అంకె.

వ్రతముల ఇంట పుట్టినవారికి ఒక సాధనము చేతిలోనే ఉన్నది. సూర్యోదయము మొదలు నలువది ఎనిమిది నిముషములు నీరైనను ముట్టని నవకారసి పిల్లలు కూడ చేయుదురు. సామాయికమునకు అదే కొలత. ఇన్ని నిముషములు కదలక కూర్చుండగలిగినవాడు అన్నే నిముషములు తాను భయపడు పనిముందు కూర్చుండలేడా? ధరల కాగితము, బాడుగ ఒప్పందము, బ్యాంకు ఫారము, వీనిలో ఏది చూచినప్పుడు మనస్సు ప్రక్కకు తప్పుకొనునో దానిని ఎదుట పెట్టుకొనవలెను. ఈ పని ముగియువరకు తీపి ముట్టనని అభిగ్రహము పట్టువారును కలరు. మంచిదే. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. వ్యాపారము కలసివచ్చిన తీపి తినెద నన్నచో అది నిదానమను శల్యము. తపస్సును లాభమునకు అమ్ముటయే. సంస్కృతమున ఆ నిదానము వేరు, తెలుగు సామెతలోని నిదానము వేరు. ఈ వర్తకునికి రెండును పొంచియున్నవి. నియమము పనిమీద నుండవలెను, ఫలముమీద ఉండరాదు.

ఒకసారి మేల్కొన్నవాడు మరల నిద్రించునేమో యని నిరుత్సాహపడ నక్కరలేదు. గుణస్థానములలో ఆరవది ప్రమత్తసంయతము, ఏడవది అప్రమత్తసంయతము. మహావ్రతములు పట్టిన సాధువు సైతము ఏడవమెట్టుపై ముహూర్తమైనను నిలువలేక ఆరవదానికి దిగుచు, మరల ఎక్కుచు ఉండును. గృహస్థుడు సోమవారము మేల్కొని మంగళవారము కునికినచో బుధవారము ఉన్నది. బుధవారమున కునుకుటకు మాత్రము దీనిని ఆధారముగా చూపరాదు!

పెద్దలకు ఒక మాట మిగిలినది. చాల ఇండ్లలో వాయిదా వేయువాడు కుమారుడని చెప్పుదురు. తాళము తండ్రి మొలలో ఉండును. కాదనిన కొడుకు నొచ్చుకొనునని, అవుననిన సొమ్ము పోవునని, చూతమని చెప్పుచు కాలము వెళ్ళబుచ్చుట వాత్సల్యము కాదు. స్నేహము పదునైదు ప్రమాదములలో ఒకటియని ముందే చెప్పబడినది. తండ్రి ఒక ఆదివారము కొట్టు మూసినపిమ్మట కుమారుని పిలిచి, ఇచ్చు సొమ్ము ఎంత, ఏ తేదీలోగా మిషనులు రావలెను, ఏడాదికి ఎంత నష్టము వచ్చిన ఆపవలెను అను మూడు పంక్తులు ఖాతాపుస్తకముననే వ్రాసి, ఇద్దరును సంతకము పెట్టవలెను. గౌతముని పేరున్న పుట ఉన్నది గదా, దాని వెనుకవైపు చాలును. ఆ తేదీవరకు దర్జీకి సగము జీతమైనను ఇచ్చుచుండవలెను. తేదీ దాటియు మిషనులు రానిచో, ఆ నెల జీతము పూర్తిగా చేతిలో పెట్టి, క్షమాపణ చెప్పి, వేరుచోట పని చూచుకొమ్మని తండ్రియే అతనితో చెప్పవలెను.